పళ్ళెం జారిన రోజు

విమానం నెత్తి మీదుగా దిగుతుంటే సత్తయ్య చాయ్ కలిపే చెయ్యి ఆపాడు. అది శంషాబాద్ వైపు వాలిపోయేదాకా నోరు మెదపడు. రోజుకు వందలు దిగుతాయి, వందలసార్లు ఊపిరి బిగబడతాడు. ఆయన హోటల్లో స్టీలు పళ్ళెం లేదు, గరిటె కూడా చెక్కదే.

"దిగింది లే, ఇగ చాయ్ పొయ్," అంది భార్య రుక్కమ్మ. "నీ పిచ్చికి మందు లేదు."

పిచ్చి కాదు, భయం. డెబ్బై ఒకటి యుద్ధంలో సత్తయ్య జలాంతర్గామిలో వంటవాడు. శత్రువు ఓడ తలపైకొస్తే లోపల అందరూ చెప్పులు విప్పి, గరిటెలకు గుడ్డలు చుట్టి, కదలకుండా పడుకోవాలి. చిన్న చప్పుడైనా పైనున్న ఓడ పట్టేస్తుంది. సరిగ్గా అలాంటి వేళ సత్తయ్య చేతిలోంచి పళ్ళెం జారింది. ఆ వెంటనే బాంబులు. దీపాలు ఆరాయి, నీళ్ళు చిమ్మాయి. కమాండర్ బద్రుద్దీన్ మాత్రం గొంతు పెంచలేదు. వెళ్ళకూడదన్న లోతుకు దింపి, పదకొండు గంటలు అక్కడే ఆపి, అందరినీ ప్రాణాలతో ఒడ్డుకు చేర్చాడు. తప్పెవరిదని పై అధికారులు అడిగితే, పెరిస్కోప్ ఎక్కువసేపు నీటి పైకి ఎత్తి ఉంచాను, తప్పు నాదేనని రాసిచ్చాడట. పతకమూ రాలేదు, పదోన్నతీ రాలేదు.

ఆ సంగతి తెలిసిననాటి నుంచి సత్తయ్యకు తిన్న తిండి ఒంటబట్టలేదు. ఒప్పుకుందామని పాతబస్తీలో కమాండర్ ఉండే గల్లీ దాకా నాలుగుసార్లు పోయాడు, నాలుగుసార్లూ తిరిగొచ్చాడు. ఇవాళ ఆయనే వస్తున్నాడు. అలీగఢ్‌లో కూతురింటికి వెళ్ళిపోతున్నాడు, ఇక తిరిగి రాడు. దారిలో సత్తయ్య చాయ్ తాగుతానన్నాడని మనవరాలు ఐమన్ ఎలాగో నంబరు పట్టుకుని నిన్న ఫోన్ చేసింది. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు.

కారు ఆగింది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి మనవరాలి భుజం పట్టుకుని దిగాడు. ఎముకలకు చొక్కా తొడిగినట్టున్నాడు పాపం. కుర్చీలో కూర్చుని రెండు గుక్కలు తాగాడు. సత్తయ్య గరిటె పక్కన పెట్టి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"సాబ్... ఆ పొద్దు పళ్ళెం ఇడిసింది నేనే."

బద్రుద్దీన్ నవ్వాడు. "అరే, నువ్వు నాలుగోవాడివి సత్తయ్యా! స్పానర్ పడేసిన అని ఒకడు, దగ్గిన అని ఇంకొకడు... ముగ్గురు ముందే వచ్చి ఏడ్చి పోయిండ్రు. ఎవ్వరి తప్పూ గాదు. పెరిస్కోప్ నేనే ఎత్తిన, రాసింది నిజమే. ఇగ జర నిమ్మలంగ ఉండు."

యాభై ఏళ్ళ బరువు దిగింది. సత్తయ్య సిగ్గు విడిచి ఏడ్చేశాడు. ముసలాయన అతని చెయ్యి నొక్కి, మెల్లగా కారెక్కాడు.

డిక్కీలో సామాను సర్దుతున్న ఐమన్ దగ్గరికి సత్తయ్య వెళ్ళాడు. "ఆ ముగ్గురు యాడుంటరు బిడ్డా? ఒక్కపారి కలుస్త."

ఆ పిల్ల తెల్లబోయింది. "ఏ ముగ్గురు తాతా? మా దాదాతోని పనిజేసినోళ్ళు ఒక్కరు గూడ ఎన్నడు ఇంటికి రాలే. దాదా దినాం గదే బాధపడుతుండె."

కారు ఎయిర్‌పోర్టు దారి పట్టింది. ఈసారి కూడా తప్పు ఆ మనిషే నెత్తినేసుకున్నాడు, సత్తయ్య ప్రాణం నిలబెట్టడానికి.

రుక్కమ్మ బల్ల తుడవడానికి వచ్చి కప్పు తీయబోయింది.

"ఉండనియ్," అన్నాడు సత్తయ్య.

కాగితం కప్పులో సగం చాయ్ చల్లారి, పైన మీగడ కట్టింది.