ఇంగోల్‌స్టాట్ గడప, జగిత్యాల రాహుకాలం

విక్రాంత్ పెళ్ళాన్ని తీసుకుపోడని, జర్మనీలో అతనికి ఇంకో సంసారం ఉందని జగిత్యాలలో పక్కింటి బాలామణి ఎవరితోనో అన్నదట. లేకుంటే ఒక్క పూటలో ముగిసే విమాన ప్రయాణానికి ఏడాదిన్నర పడుతుందా అని కూడా అడిగిందట. ఆ మాట నాలుగిళ్ళు తిరిగి, అతని తల్లి గిరిజ ఫోనులో ఇంగోల్‌స్టాట్‌లో ఉన్న విక్రాంత్‌ను చేరింది.

తప్పంతా కరోనాది. 2020 ఫిబ్రవరిలో పెళ్ళయిన వారానికే విక్రాంత్ వచ్చి డ్యూటీలో చేరాడు. వెనకే రావలసిన రుచిత అక్కడే చిక్కుకుంది. విమానం ఉంటే వీసా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, లేదు; టెర్మిన్ దొరికితే రాకపోకలు బంద్. చివరికి మరుసటేడు ఆగస్టులో, రెండు టీకాల కాగితం పట్టుకుని ఢిల్లీలో మ్యూనిక్ విమానం ఎక్కింది.

టికెట్టు చూసి గిరిజ తేల్చేసింది: రాత్రి ఒంటిగంటకు ఎక్కితే పొద్దున ఆరింటికి దిగుడు, హైదరాబాద్ బస్సంత దూరం. ఐదు గంటలు కాదమ్మా, ఎనిమిదిన్నర, ఆరువేల కిలోమీటర్లు, ఇక్కడి గడియారం మూడున్నర గంటలు వెనక అని చెప్పి చెప్పి విక్రాంత్ నోరు నొప్పెట్టింది. ఆ మూడున్నర గంటలే తన గడప దగ్గర అడ్డం పడతాయని అతనికి అప్పుడు తట్టలేదు.

విమానాశ్రయంలో మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపించాయి. ఆ కళ్ళు నవ్వేసరికి సామాను బండి ఎటు నెట్టాలో విక్రాంత్‌కు తెలియలేదు. ఒక పెట్టె ఎంతకీ రాక, బస్సు దిగి ఇల్లు చేరేసరికి పదిన్నర దాటింది.

చెంబు దొరకక గడప మీద బీరు గ్లాసులో బియ్యం పోసి పెట్టారు. ఆడపడుచు లేని లోటు తీరుస్తానని పై అంతస్తు మెహ్రీన్ హారతి పళ్ళెంతో నిలబడింది. సున్నం లేక పసుపులో వంటసోడా కలిపితే నీళ్ళు భేషుగ్గా ఎర్రబడ్డాయి.

వీడియోలో గిరిజ తొందరపెట్టింది. శుక్రవారం, ఇక్కడ మధ్యాహ్నం రెండైంది, రాహుకాలం పన్నెండింటికే పోయింది, కుడికాలు పెట్టమను అంది. అంతలో పంచాంగంతో విక్రాంత్ తండ్రి కనకయ్య తెర మీదికొచ్చాడు.

"ఆగుండ్రి. సూర్యుడు యాడుంటే రాహువు ఆడ్నే. వాళ్ళకు ఇప్పుడే మొదలైంది. గంటన్నర బయటుండాలె."

పెళ్ళి ఇక్కడ చేశాం కనుక లెక్కా ఇక్కడిదేనని గిరిజ. రాహువుకు మన పెళ్ళిళ్ళతో పనేంటని కనకయ్య. కాసేపు మెట్ల మీద కూర్చుందామా అని విక్రాంత్ నెమ్మదిగా భార్యను అడిగాడు, అడిగినందుకు అప్పుడే సిగ్గుపడ్డాడు.

"విక్రాంత్ భాయ్, చెయ్యి గుంజుతుంది," అంది మెహ్రీన్. "మీ రాహువు సంగతి జల్దీ తేల్చుండ్రి."

రుచిత మాస్కు తీసి జేబులో పెట్టుకుంది. కుడికాలితో గ్లాసును తోసింది. బియ్యం జలజలా చెప్పుల స్టాండు దాకా దొర్లాయి. లోపల నిలబడి, భర్త చేతిలోని ఫోను తీసుకుంది.

"అత్తమ్మా, నేనొచ్చింది మీ కొడుకుతోని కాపురం చేసేటందుకు. రాహువుతోని కాదు."