ఎల్లారెడ్డి ఇల్లుబండి

నడిచే బండిలో లెట్రిన్ ఉంటే ఆ పోయినదంతా ఎక్కడికి పోతుంది, రోడ్డు మీద పడుతుందా, పట్టాల మధ్య వదిలేసుకుంటూ పోవడానికి ఇదేమన్నా రైలా, వెనక వచ్చే మోటార్‌సైకిల్ వాళ్ల గతేం కావాలి, అని సుభద్రమ్మకు పొద్దున కామారెడ్డిలో బస్సెక్కినప్పటి నుంచీ ఒకటే అనుమానం, అడగాలంటే ఎవరినడగాలి, ఎదురుగా ఉన్నది మెకానిక్ ఘనీ, అతని కూతురు పుట్టినప్పుడు మొదట చేతుల్లోకి తీసుకున్నది తనే, అయినా మగవాణ్ణి పట్టుకొని ఇలాంటిదెలా అడుగుతుంది, ముప్పై ఆరేళ్లు నర్సుగా ఊరూరా తిరిగి మగవాళ్లకు ఆపరేషన్ల గురించీ ఆడవాళ్లకు మాత్రల గురించీ మొహమాటం లేకుండా చెప్పిన నోరు ఇప్పుడు ఎల్లారెడ్డిలో ఒక షెడ్డు ముందు పెగలడం లేదు, ఆయన మాత్రం, అంటే పెనిమిటి రాజయ్య, వచ్చీ రాగానే తాను కొందామంటున్న బండి కిందికి దూరిపోయాడు, కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి, అరవై నాలుగేళ్ల కాళ్లు, నిన్నటిదాకా మోకాళ్ల నొప్పులని మంచం దిగని కాళ్లు, ఇవాళ ఆ నొప్పులు ఏ ఊరు పోయాయో.

ఘనీ ఏదీ దాచలేదు, అదొక్కటే సుభద్రమ్మకు నచ్చింది, సిస్టరమ్మా, మీ తాన దాపెట్ట, ఇది పద్దెనిమిదేండ్ల బండి, సినిమా షూటింగులల్ల తిరిగింది, రేడియేటర్ కారుతది, డీజిల్ చిమ్మే నాజిల్స్ జూడాలె, కింద రేకు తుప్పు పట్టింది, ఏసీ అయితే లేదనుకోండ్రి, ఇంజిన్ మాత్రం గట్టిది, అని అతను చెబుతుంటే ఆమె అలవాటు కొద్దీ రోగి కాగితం చదివినట్టు తలూపింది, నీళ్లు నిలవవు, కీళ్లు పట్టేశాయి, చల్లదనం లేదు, గుండె మాత్రం గట్టిది, మరి ఇంట్లో ఉన్న మనిషి పరిస్థితీ ఇదే కదా అనుకొని కొంగు చాటున నవ్వుకుంది, నవ్వకూడదు, నవ్వితే ఒప్పుకున్నట్టే, తాను వచ్చింది వద్దని చెప్పడానికి, ఆ వద్దు అనే మాటను దారి పొడవునా నోట్లో నాన్చుకుంటూ వచ్చింది, రిటైరైన డబ్బు ఆ తుక్కుల పొయ్యకురి అమ్మా, ఇంటి మీద రెండు రూములు ఏపిచ్చుకోండ్రి, కిరాయన్న వస్తది, అని నిజామాబాద్ నుంచి కూతురు నిహారిక మూడు రోజులుగా ఫోన్లో చెబుతూనే ఉంది, పిల్ల చెప్పేది కూడా నిజమే, ఆమె టీచరు, లెక్క తప్పదు, కానీ రేపు పొద్దున హైదరాబాద్ నుంచి ఎవరో కొనడానికి వస్తారట, లోపలి మంచం, గదులూ అన్నీ పీకేసి దీన్ని టిఫిన్ల బండి చేస్తారట, అంటే ఏ మాటైనా ఇవాళే చెప్పాలి, రాజయ్య కింది నుంచి పాకుతూ బయటికి వచ్చి, ఎక్కి చూడు, వద్దంటే దిగు, నేనేమన్న గుంజుతున్ననా, అన్నాడు, ముఖం నిండా నల్లటి నూనె, పెళ్లిచూపులనాడు కూడా ఆ ముఖం ఇంత వెలగలేదు.

మెట్లు ఎత్తుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉంది, ఎక్కగానే ఎదురుగా అద్దం, అద్దం చుట్టూ బల్బులు, ఎవరో హీరోయిన్ కూర్చొని బొట్టు దిద్దుకున్న అద్దం కావచ్చు, అందులో ఇప్పుడు జామపండు రంగు చీర, నెరిసిన పాపిట, ముక్కు మీద చెమట, సుభద్రమ్మ తనను తాను ఒక్క క్షణం ఎగాదిగా చూసుకుంది, ఫర్వాలేదు, లోపల పొడుగాటి సోఫా, వెనక మంచం, స్టవ్వు పెట్టుకునే గట్టు, గట్టు పక్కన అగ్గిపెట్టెంత కిటికీ, పోపు వేస్తే ఘాటంతా ఆ కిటికీలోంచే పోవాలి, ఇంకొంచెం పెద్దది చేయించాలి, అయ్యో, చేయించడమేమిటి, కొనేవాళ్లు కదా చేయించేది, ఆ పక్కన సన్నటి తలుపు, తీస్తే తెల్లటి కమోడ్, చిన్న నల్లా, లోపలి వైపున గొళ్లెం, ఘనీ వెనక నుంచి, కింద టాంకీ ఉన్నదమ్మా, నిండినంక పెట్రోల్ బంకు లెట్రిన్ల ఖాళీ చేసుకునుడే, నీళ్లు పోసి చూసిన, పని చేస్తది, అని తానే చెప్పేశాడు, హమ్మయ్య, ఆ మోటార్‌సైకిల్ వాళ్లు బతికిపోయారు, ఇంతలో అతని భార్య రహీమా చాయ్ తెచ్చింది, పెద్ద గ్లాసు నిండా, సుభద్రమ్మ సగం చాలంది, బయటికి వెళ్లినప్పుడు ఎప్పుడూ సగమే, ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అంతే, పొద్దున సగం గ్లాసు చాయ్, ఆ పైన సాయంత్రం ఇల్లు చేరేదాకా గుటక నీళ్లు ముట్టేది కాదు, భుజాన టీకాల డబ్బా, నెత్తిన ఎండ, ఏ ఊళ్లో ఏ ఇంట్లో లెట్రిన్ ఉందో టీకాల రిజిస్టర్ కంటే బాగా గుర్తుండేది, పెద్దకొడప్‌గల్‌లో పోచవ్వ ఆమె కోసమని తాళంచెవి గుమ్మం పక్కన మేకుకు వేలాడదీసి పొలానికి పోయేది, నర్సమ్మా, నువ్వు మా ఇంటికచ్చేది సూదులెయ్యనీకా, దొడ్డికి పోనీకా, అని నలుగురిలో నవ్వేది, నలభై రెండో ఏట కిడ్నీలో రాయి కనబడితే డాక్టరు, ఊరందరికీ నీళ్లు తాగమని చెప్పేది నువ్వే కదమ్మా అని కోప్పడ్డాడు, ఆయనకేం తెలుసు, తాగమన్నంత తేలిక కాదు తాగడం, రహీమా మాత్రం వినలేదు, నా చేతి చాయ్ సగం తాగి పెడితే నేనూకోను అంది, పైగా సగం తాగగానే ఇంకో అర గ్లాసు వంచింది, ఇలాచీ వేసిన చాయ్, సుభద్రమ్మ మొత్తం తాగింది.

ఒకసారి లింగంపేట దాకా నడిపి చూద్దామని రాజయ్య స్టీరింగ్ ముందు కూర్చున్నాడు, ఘనీ పక్క సీట్లో, ఆమె వెనక సోఫాలో, తాళం తిప్పితే బండి పలకలేదు, రెండోసారి దగ్గి ఊరుకుంది, ఆమెకు పుట్టగానే ఏడవని పిల్లలు గుర్తొచ్చారు, వీపు మీద రుద్దుతూ, అరికాలు మీద తడుతూ, ఏడువు బిడ్డా ఏడువు అని గదిలో ఉన్న ఆడవాళ్లంతా ఊపిరి బిగబట్టే ఆ అర నిమిషం, మూడోసారికి ఇంజిన్ ఒక్క అరుపు అరిచి అందుకుంది, వెనక నల్లటి పొగ, కోళ్లు నాలుగు వైపులకూ పరుగు, రహీమా ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకొని నవ్వుతూ చెయ్యి ఊపుతోంది, తానూ ఇంతసేపూ ఊపిరి బిగబట్టే ఉన్నానని సుభద్రమ్మకు అప్పుడు తెలిసింది, దీని కోసం తానెందుకు బిగబట్టాలి, ఎల్లారెడ్డి దాటింది, కిటికీ బస్సు కిటికీలా ఇరుకు కాదు, పడుకుంటే పొలాలు, లేచి కూర్చుంటే ఆకాశం, వరినాట్లు వేస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి ఈ బండిని చూశారు, ఎవరో చెయ్యి ఊపితే తానూ ఊపింది, ముందు రాజయ్య వీపు, ఆ వీపును ఇలా వెనక నుంచి చూసి ఎన్నేళ్లయింది, పెళ్లయిన కొత్తలో ఒకసారి లారీలో బెంగుళూరు తీసుకుపోతానన్నాడు, ఆమె కోసం పక్క సీటు మీద కొత్త దిండు కుట్టించాడు, దారి పొడవునా ఏ ఊరొస్తే ఆ ఊరి పేరు చెబుతూ నడిపాడు, భిక్నూర్ దగ్గర హైవే మీద ఢాబా, తిందామని ఆపాడు, ఢాబా చుట్టూ లారీలు, లారీల చుట్టూ మగవాళ్లు, వెనక సగం కూలిన గోడ, ఆ గోడ దగ్గర కూడా మగవాళ్లే, ఆమె తిరిగొచ్చి లారీలో కూర్చొని, తల తిరుగుతున్నది, నాకు ప్రయాణాలు పడవు, ఇంటికి పోత, అంది, ఆయన ఆమెను కామారెడ్డి బస్సెక్కించి తాను బెంగుళూరు పోయాడు, ఆ రోజు నుంచి సుభద్రమ్మకు ప్రయాణాలు పడవని చుట్టాలందరికీ తెలిసిపోయింది, దూరపు పెళ్లిళ్లకు పిలవడం మానేశారు, తీర్థాలకు ఆయనే పోయి ప్రసాదం తెచ్చాడు, ఎవరైనా అడిగితే ఆమే ముందు చెప్పేసేది, పడవమ్మా నాకు, నాలుగు గోడల మధ్యనే నాకు సుఖం.

రహీమా చాయ్ ఊరికే పోతుందా, టేకు చెట్లు మొదలైన చోట పొత్తికడుపు బిగిసింది, సుభద్రమ్మ అలవాటుగా కాలు మీద కాలు వేసుకుంది, పళ్లు బిగించింది, ఇంకెంత, లింగంపేటలో ఎవరిల్లు ఉంది, ఆశా వర్కర్ మహేశ్వరి వాళ్లది బస్టాండు పక్కనే, తాళం వేసి ఉంటేనో, అని ఇండ్లు వెతుకుతున్న మనసు ఠక్కున ఆగింది, ఎవరిల్లు ఎందుకు, మూడడుగుల దూరంలో తలుపుంది, నడుస్తున్న బండిలోనా, ముందు ఇద్దరు మగవాళ్లుండగానా, ఉంటే ఏమిటి, వాళ్లు రోడ్డు చూస్తున్నారు, లేచింది, కమ్మీ పట్టుకుంది, తలుపు వేసుకుంది, గొళ్లెం బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులతో లాగితే పడింది, ఆ క్షణాన బండి ఏదో గతుకులో దిగి లేచింది, ఆమె నెత్తి కప్పుకు తగిలినంత పనైంది, ఇంకో గతుకు, ఇంకోటి, నల్లా పట్టుకుంటే అది తిరిగి చీర మీద నీళ్లు చిమ్మింది, నవ్వొచ్చింది, మొదట చిన్నగా, తర్వాత ఆగకుండా, అరవై ఒకటో ఏట, కామారెడ్డి రోడ్డు మీద, గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో, గవర్నమెంటు నర్సు సుభద్రమ్మ గొళ్లెం పెట్టుకొని కూర్చొని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది, ముందు నుంచి రాజయ్య, ఏమైందే, అని అరిచాడు, ఏం కాలే, నువ్వు బండి నడుపు, అంది.

బయటికి వచ్చేసరికి బండి ఆగిపోయింది, రేడియేటర్ కాగి ఆవిరి కక్కుతోంది, ఘనీ మూత మీద తడిగుడ్డ వేసి, పది నిమిషాలు చల్లారాలె అని చెప్పి, క్యాన్ తీసుకొని నీళ్ల కోసం కాలువ వైపు పోయాడు, సుభద్రమ్మ దిగి టేకు చెట్టు కింద నిలబడింది, చీర కుచ్చెళ్లు తడిసి ఉన్నాయి, రాజయ్య తప్పు చేసినవాడిలా బానెట్ వైపు చూస్తున్నాడు, చూసినవు గదా, గిట్లనే ఆగుతది, నేను నీకు అబద్ధం చెప్ప, వద్దంటే వద్దు, అన్నాడు, ఆమె నోట్లో నానుతున్న మాట ఇప్పుడు చెప్పాలి, ఇదే సమయం, నోరు తెరిచింది, వచ్చింది వేరే మాట, ఆ దినం భిక్నూర్ల నాకు తల తిరగలేదయ్యా, పోనీకి జాగ లేకుండె, సిగ్గయి చెప్పలే, అంది, రాజయ్య జేబులోంచి నూనె గుడ్డ తీసి వేళ్లు తుడుచుకుంటూ, నేను ఇంకోటి అనుకున్న, నువ్వు నర్సువు, నేను లారీ డ్రైవర్ని, నా పక్కన కూసునుడు నీకు నామోషీ అనుకున్న, అందుకే మల్ల ఎన్నడు పిలవలే, అన్నాడు, ముప్పై ఐదేళ్లు ఈ మనిషి ఆ మాటను కడుపులో పెట్టుకొని గౌహతి పోయాడు, లూధియానా పోయాడు, తిరిగొచ్చిన ప్రతిసారీ దారిలో చూసింది చెప్పబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు, తానేమో ఆయనకు కబుర్లు చెప్పడం రాదనుకుంది, ఒక్క తలుపు, లోపల గొళ్లెం ఉన్న ఒక్క తలుపు లేక ఇద్దరూ ఇంత దూరం ఒంటరిగా నడిచారు, పిచ్చోడివయ్యా, కొత్త దిండు మీద నేనెంత మురిసిన్నో నీకేం తెలుసు, అంది, ఆయన గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు, నూనె ఇంకాస్త పూసుకుంది, ఘనీ నీళ్లు తెచ్చి, సిస్టరమ్మా, ఏమంటరు మరి, రేపటోళ్లను రమ్మంటనా, అని అడిగాడు, రావద్దను, అందామె, ముందుగాల రేడియేటర్ చూడు, తర్వాత కింద రేకు, ఆ గొళ్లెం మాత్రం ఇయ్యాల్నే మార్చు, లోపల చిక్కుకుంటే ఎవరచ్చి తీస్తరు, అని వరసగా చీటీ రాసినట్టు చెబుతూనే ఉంది, ఎదురుగా రోడ్డు ఎండలో మెరుస్తూ చెట్ల మధ్యలోకి పోతోంది, నిహారికకు ఏం చెప్పాలో ఇంకా తెలియదు, ఈ బండి ఏ ఊళ్లో ఆగిపోతుందో అంతకంటే తెలియదు, తెలిసింది ఒక్కటే, అది ఎంత తేలికగా తెలిసిందంటే ఇన్నేళ్లూ ఎలా తెలియలేదా అని ఆమెకే ఆశ్చర్యమేసింది, తనకు ప్రయాణాలు పడకపోవడమేమిటి, తనకు ప్రయాణాలంటే చచ్చేంత ఇష్టం.