వెచ్చబెట్టిన పాకం

డాక్టర్ జయరాంను ఒక్క తేనెటీగ కూడా కుట్టిన పాపాన పోలేదు. కుట్టాలంటే ఆయన పెట్టెల దగ్గరికి రావాలి గదా. తేనెటీగల మీద పరిశోధన చేసే ఆ పెద్దమనిషి పొద్దున కారు దిగి చల్లటి గదిలో దూరితే మళ్లీ కారెక్కేటప్పుడే బయటపడేవాడు. కిటికీలోంచి అన్నీ గమనిస్తుంటాడని నాగప్ప నమ్మకం. ఆ కిటికీకి ఎప్పుడూ తెర వేసే ఉండేది.

ఆ పొద్దు కూడా నాగప్ప పెట్టెల ముందు చచ్చిపడిన ఈగలను చీపురుతో చాటలోకి ఊడుస్తున్నాడు. యాభై దాటిన మనిషి. ఎండకు మాడిన మెడ, బీటలిచ్చిన మడమలు, చిన్నప్పటి నుంచి గొర్రెల వెంట తిరిగి వంకరపోయిన కాళ్లు. వేపచెట్ల నీడన రెండు వరసల పెట్టెలు. ఒక వరస ఈగలకు చక్కెర పాకం, ఇంకో వరసకు మొక్కజొన్న పాకం. కళ్యాణదుర్గం చుట్టుపక్కల వానల్లేక పూలు లేవు. పూలు లేని కాలంలో మొక్కజొన్న పాకంతో ఈగలను బతికించవచ్చా అన్నది జయరాం పరిశోధన. ఆ పాకం డ్రమ్ములు పంపే కంపెనీయే ఈ పరిశోధన కేంద్రాన్ని కూడా పోషించేది. ఇంక ఆ పరిశోధనలో ఏం తేలాలో చంటిపిల్లవాడైనా చెప్పగలడు.

కానీ తేలడం లేదు. చక్కెర వరస రొద చేస్తోంది. మొక్కజొన్న వరసలో ఒక్క పెట్టె తప్ప అన్నీ ఖాళీ. చాటలోని ఈగలు పొట్టలు ఉబ్బి, నేలంతా మరకలు చేసి చచ్చాయి.

నాగప్ప చాట పక్కన పెట్టి, మూడు రాళ్ల పొయ్యి ముట్టించి, ఇంటి నుంచి తెచ్చుకున్న సత్తు గిన్నె ఎక్కించాడు. అందులో నిన్నటి మొక్కజొన్న పాకం ఉంది. నిన్నటిదాంట్లో మొన్నటిది, మొన్నటిదాంట్లో అంతకు ముందుది. ఈగలు తాగగా మిగిలినదాన్ని పారబోయడం ఈ కరువు నేల మీద పుట్టినవాడికి చేతనయ్యే పని కాదు. దాని మీదే ఇంత కొత్త పాకం పోసి, బుడగలు వచ్చేదాకా కాచాడు. డ్రమ్ములో నీళ్లలాగా ఉండే పాకం గిన్నెలో డికాక్షన్ రంగుకు తిరిగింది. గోరువెచ్చగా అయ్యాక, వేలు ముంచి చూసి, ఆ వరసలో మిగిలిన ఒక్క పెట్టెలోని డబ్బాలో పోశాడు.

కాచమని ఎవరూ చెప్పలేదు. తల్లి చచ్చిన గొర్రెపిల్లకు చల్లటి పాలు పట్టేవాడు వాళ్ల ఇంట్లో ఎన్నడూ పుట్టలేదు. ధనుర్మాసం చలికి డ్రమ్ములో పాకం గడ్డకడితే కాచడం మొదలుపెట్టాడు. ఎండలు ముదిరినా మానలేదు. ఈగలు చచ్చేకొద్దీ ఇంకాస్త ఎక్కువ కాచాడు. అది మంచితనమో మొద్దుతనమో, రెండింటికీ పెద్ద తేడా లేదు.

ఈగలు బతకాలని అతనికున్నంత ఆశ జయరాంకు కూడా లేదు. ఎందుకంటే ఆ పెట్టెలు నిలబడిన మూడెకరాల నలభై సెంట్ల నేల నాగప్పదే. కేంద్రానికి చోటు కావాలంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర వేసి ఇచ్చేశాడు. మొక్కజొన్న ఈగలు వానల దాకా బతికితే కేంద్రం నిలుస్తుందనీ, అతని పని పర్మినెంటు అవుతుందనీ జయరాం మాట ఇచ్చాడు. కాగితం మీద రాయించుకున్నావా అని భార్య మారెక్క అడిగితే, అంత చదువుకున్నాయన అబద్ధం చెప్తాడా అని ఆమె మీదే కసిరాడు. చదువుకున్నవాళ్లు అబద్ధం చెప్పరనుకునేవాడి దగ్గర భూమి నిలవదు. నిలవలేదు.

మధ్యాహ్నం మారెక్క సంగటి, నంజుకోవడానికి చెనక్కాయల ఊరుబిండి తెచ్చింది. మసిపట్టిన గిన్నె చూసి మూతి తిప్పింది.

"ఈగలకు పొద్దుపొద్దున్నే ఎచ్చగా పోస్తావు. నాకెప్పుడన్నా ఇన్ని ఉడుకునీళ్లు కాంచిచ్చినావా?"

"నువ్వు బతికితే పర్మినెంటు చేస్తామని ఎవురూ చెప్పలేదు కదే."

"చెప్పమంటే చెప్తాడులే మీ సారు. ఆయప్పదేం పోతాది, నోరే గదా!"

నాగప్ప ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా చివరి పెట్టెలో రొద హెచ్చింది. చూస్తుండగానే ఈగలన్నీ బయటికి పొంగి, వేపకొమ్మల చుట్టూ ఒక మారు తిరిగాయి. అతను ఎంగిలి చేత్తోనే మన్ను తీసి పైకి చల్లాడు. మన్ను చల్లితే దిగుతాయంటారు. మన్ను మారెక్క నెత్తిన పడింది. ఈగలు గుట్ట మీదుగా వెళ్లిపోయాయి.

అప్పుడు చల్లటి గది తలుపు తెరుచుకుంది. జయరాం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"ఏమప్పా, అవీ పోయినాయా?"

"పోయినాయి సార్. మాపటికి వస్తాయేమోలే."

జయరాం చూపు గిన్నె మీద పడింది. "ఇదేంది, ఇంత నల్లగుండాది?"

"పాకమే సార్. దినామూ ఎచ్చబెట్టి పోస్తాండా. పసిజీవాలు గదా."

జయరాం ముఖం పాలిపోయింది. ఆ పాకాన్ని కాస్తే ఈగలకు విషమవుతుంది. ఆయనకు మొదటి నుంచీ తెలుసు. డ్రమ్ము మీద ఇంగ్లీషులో రాసి కూడా ఉంది. పోసేవాడికి చెప్పాలని మాత్రం తోచలేదు.

"కాంచమని ఎవరు చెప్పినారయ్యా నీకు? అది విషం!"

నాగప్ప పొయ్యి వైపు చెయ్యి చూపాడు. "పొగ దినామూ మీ కిటికీ మీదికే పోతాంది సార్. వద్దనలేదు గదా, మంచిదే అనుకుంటి."

జయరాం కిటికీ వైపు చూశాడు. తెర కదల్లేదు. గొంతు తగ్గించాడు.

"కాంచినావని యాడా అనొద్దు. ఈ సీమ ఈగలకు పాకం అరిగించుకునే శక్తి లేదని రాసుకుంటాలే. రేపట్నుంచి నువ్వు రావొద్దు."

"మరి పర్మినెంటు, సార్?"

"ఈగలుంటే గదప్పా!"

తలుపు మూసుకుంది. ఈగల అరుగుదల మీద జయరాం రాసినదాన్ని ఎక్కడో అచ్చు కూడా వేశారట. వేస్తారు.

నాగప్ప చాటలోని ఈగలను వేపచెట్టు మొదట్లో పోసి, పైన మన్ను కప్పి, చేతులు కడుక్కున్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు.

"గిన్నె మనది గదా, తెచ్చుకోప్పా!" అంది మారెక్క వెనక నుంచి.

అతను తిరిగి చూడలేదు. ఆమె గిన్నె దాకా పోయి, అడుగున మాడి అంటుకున్నదాన్ని చూసి, ముట్టుకోకుండా అతని వెంట నడిచింది. సాయంత్రానికి గిన్నెకు చీమలు పట్టాయి. ఆ మూడెకరాల నలభై సెంట్లలో నాగప్పదంటూ మిగిలింది, పొయ్యి మీది ఆ సత్తు గిన్నె.