వెంట్రుకవాసి

ఎనిమిదో జత పూర్తయ్యేసరికి కుడిచెయ్యి మొండికేసింది. నెస్టర్ బిలిక్ సానచక్రాన్ని ఆపలేదు. ఆపితే మోత ఆగుతుంది, మోత ఆగితే పక్కగదిలో వాళ్ళు ఏమైందని తల ఎత్తి చూస్తారు. చక్రాన్ని అలాగే తిరగనిచ్చి, స్కేటును బల్ల మీద పెట్టి, ఎడంచేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పది లెక్కపెట్టాడు. ఇరవై లెక్కపెట్టాడు. గూటిలోంచి పట్టుకొచ్చిన పిట్టలా కొట్టుకుంటున్న చెయ్యి ముప్ఫై ఐదు దగ్గర కాస్త సద్దుమణిగింది. తొమ్మిదో జత అందుకున్నాడు.

అరవై ఒకటి దాటిన మనిషి. పొట్టి, వెడల్పు భుజాలు, చెవుల మీద నెరిసిన వెంట్రుకల కుచ్చులు. మెడనుంచి మోకాళ్ళదాకా తోలు ఏప్రను. దాని మడతల్లో ఇరవై ఎనిమిది శీతాకాలాల ఉక్కుపొడి పేరుకుంది. అంతకుముందు పదిహేనేళ్ళు ఇదే ఊళ్ళో, పైన్ నారోస్ కలపకోత మిల్లులో, రంపాలకు సాన పట్టాడు. మిల్లు మూసేశాక ఈ మంచు మైదానం కింది గదిలోకి వచ్చాడు. రంపం పోయి స్కేటు వచ్చింది, అంతే తేడా. హాకీ ఆడటం అతనికి ఎప్పుడూ రాలేదు. జట్టులో ఇరవై మూడు మంది ఉంటే ఎవరి బ్లేడుకు ఎంత లోతు గాడి పడాలో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఎక్కడా రాసుకోడు. తొమ్మిదేళ్ళకిందట వెళ్ళిపోయిన గోలీ, అంటే గోలు కాసేవాడి, కొలతలు ఇప్పుడు అడిగినా తడుముకోకుండా చెబుతాడు.

పొద్దున భార్య మారుస్యా అతని చొక్కా చేతుల గుండీలు పెట్టింది. నవంబరు నుంచి ఆవిడే పెడుతోంది. అతను అడగలేదు, ఆవిడ ఎందుకనలేదు. గుండీ పెట్టడం అయ్యాక మాత్రం, "ఇవాళ్టితో ఆటలు అయిపోతాయా, ఇంకా ఉంటాయా?" అంది.

"రెడ్‌స్టోన్ వాళ్ళ చేతిలో ఉంది."

"మన చేతిలో ఏదన్నా ఎప్పుడుంది కనక," అని ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

లీగులో ఎనిమిది జట్లు చివరి పోటీలకు వెళ్తాయి. ఎనిమిదో స్థానానికి ఇద్దరు మిగిలారు. రెడ్‌స్టోన్‌కి ఎనభై రెండు పాయింట్లు, పైన్ నారోస్ హెరన్స్‌కి ఎనభై ఒకటి. ఇద్దరికీ ఇదే ఆఖరి ఆట. గెలిస్తే రెండు పాయింట్లు. అరవై నిమిషాలూ సమంగా నిలిచి, అదనపు ఆటలో ఓడినా ఒకటి దక్కుతుంది. లెక్క సరిసమానమైతే రెడ్‌స్టోనే వెళ్తుంది, ఈ ఏడాది వాళ్ళ గెలుపులు ఎక్కువ. ఊళ్ళో చర్చి మెట్ల మీద ముసలమ్మలకు కూడా ఈ లెక్క నోటికొచ్చు.

నెస్టర్‌కి ఇంకో లెక్క కూడా తెలుసు. అది ఎవరికీ తెలియదు.

నాలుగు రోజులకిందట, బుధవారం ఆటలో ఇంకా అరనిమిషం ఉంది. స్కోరు రెండు–రెండు. ఆ అరనిమిషం గడిస్తే ఒక పాయింటు ఖాయం. అప్పుడు వెనక కాస్తున్న డార్సీ ఫెన్‌రిక్, ఇరవైమూడేళ్ళవాడు, ఎడమకాలు మీద తిరగబోయి, దన్ను దొరక్క చతికిలపడ్డాడు. అవతలివాడు అతన్ని దాటుకుపోయి గోలు కొట్టాడు. జట్టు గుర్తు కొంగ గనక శుక్రవారానికల్లా ఊరంతా ఫెన్‌రిక్‌ని 'ఒంటికాలి కొంగ' అంటున్నారు.

ఆ రాత్రి అందరూ వెళ్ళాక నెస్టర్ ఆ ఎడమ స్కేటు తీశాడు. తలకిందులుగా పట్టుకుని బ్లేడు మీద అడ్డంగా నాణెం పెట్టాడు. రెండు అంచులూ సమంగా ఉంటే నాణెం నిటారుగా కూర్చోవాలి. కూర్చోలేదు. లోపలివైపు వెంట్రుకవాసి ఒరిగింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఒరిగింది. అప్పుడతను ఏం చేశాడంటే, చక్రం తిప్పి ఆ స్కేటుకు మళ్ళీ సాన పట్టాడు, నాణెం నిటారుగా కూర్చునేదాకా. తప్పు అరిగిపోయి నేలమీద పొడిగా రాలింది. ఆ పొడి చీపురుతో తనే ఊడ్చాడు.

దీపం ఆర్పేముందు తనతో తను ఒక బేరం పెట్టుకున్నాడు. జట్టు చివరి పోటీలకు వెళ్తే బుధవారం సంగతి ఎవరికీ గుర్తుండదు, నోరు విప్పక్కర్లేదు. వెళ్ళకపోతే చెప్పాలి. చెబితే ఈ గదీ ఈ చక్రమూ ఇక ఉండవు. చెప్పకపోతే ఆ కుర్రాడికి వచ్చే ఏడు జట్టు ఉండదు. అసలిలాంటి బేరం ఎలా పెట్టుకున్నానా అని అప్పటినుంచీ ఒళ్ళు చీదరగానే ఉంది. కానీ బేరం రద్దు చేసుకోలేదు.

"నెస్, నావి అయ్యాయా?" కెప్టెన్ రోబిషో తలుపులోంచి తల పెట్టాడు. "నిన్నటికన్నా వాడిగా ఉండాలి."

"నిన్నా ఇదే అన్నావు. ఇంకా వాడిచేస్తే మంచుతో ఆగదు, కింద సిమెంటు తెగుద్ది."

"తెగనీ. రేపు బాగుచేసుకుంటారు."

రోబిషో స్కేట్లు అందుకుని అంచుమీద గోరు గీసి చూశాడు. తెల్లటి గోరుపొర ఊడివచ్చింది. తృప్తిగా తల ఊపి వెళ్ళిపోయాడు. నెస్టర్ ఊపిరి వదిలాడు. ఇవాళ ప్రతి జతకూ రెండేసి సార్లు నాణెం పెడుతున్నాడు. గంటలో అయ్యే పని మూడు గంటలు పడుతోంది. అందుకే చీకటుండగానే వచ్చాడు.

పన్నెండింటికి ఫెన్‌రిక్ వచ్చాడు. కోటూ టై. ఎర్రటి పెద్ద చేతులు కోటు చేతుల్లోంచి బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఎక్కడో పడమటి మైదానాల్లో గోధుమ పండించే ఇంటివాడు.

"నావి పట్టక్కర్లేదు నెస్. కోచ్ నన్ను పైన కూర్చోమన్నాడు."

"పెళ్ళికొడుకులా ఉన్నావు."

"అవును మరి. ఊరంతా అక్షింతలు వేస్తారు, చూస్తూ ఉండు."

నెస్టర్ నవ్వబోయాడు. నవ్వు దవడ దగ్గరే ఆగింది. ఇప్పుడే చెప్పేస్తే? నాలుక కదిలింది. "డార్సీ," అన్నాడు. జట్టులో అందరూ ఫెన్నీ అంటారు. అసలు పేరు పెట్టి పిలిచేసరికి కుర్రాడు ఆగి చూశాడు.

"టై వంకరగా ఉంది," అన్నాడు నెస్టర్.

రెండింటికి ఆట మొదలైంది. నెస్టర్ ఆటగాళ్ళ బెంచీ చివర, తలుపు పక్కన నిలబడ్డాడు. ముందుజేబులో చిన్న ఆకురాయి, మరమేకులు, తాళ్ళు. అతను ఎప్పుడూ పక్‌ని, ఆ నల్లటి రబ్బరు బిళ్ళని, చూడడు, కాళ్ళు చూస్తాడు. ఎవరు ఎక్కడ జారుతున్నారు, ఎవరి బ్లేడు కరకర కోస్తోంది, ఎవరిది ఉత్తినే రాస్తోంది. ఇవాళ ఒక్క కాలూ జారలేదు. మూడోదైన ఆఖరి భాగంలో రోబిషో గోలు వెనకనుంచి గిర్రున తిరిగివచ్చి పక్‌ని లోపలికి తోసినప్పుడు, ఆ తిరుగుడుకు రాలిన మంచుపొడి నెస్టర్ కళ్ళలోనే ఉండిపోయింది. నాలుగు–రెండు. జనం బెంచీలు బాదారు. పై వరసలోంచి ఎవడో, "ఒంటికాలి కొంగని పక్కనపెట్టారు, గట్టెక్కారు!" అని అరిచాడు. చుట్టూ నవ్వులు. నెస్టర్ పైకి చూడలేదు. చూస్తే కోటూ టై కనిపిస్తాయి.

ఆట అలాగే ముగిసింది. హెరన్స్‌కి ఎనభై మూడు. ఇక చెయ్యడానికేమీ లేదు. రెడ్‌స్టోన్ వాళ్ళ ఆట గడియారం రెండు గంటలు వెనకుండే పడమటి ఊళ్ళో ఇక్కడి నాలుగింటికి మొదలైంది. వాళ్ళు అరవై నిమిషాల్లో ఓడిపోవాలి. సమం చేసినా చాలు, ఇక్కడ వీళ్ళ పని ముగిసినట్టే.

దుస్తుల గదిలో ఎవరూ స్నానానికి లేవలేదు. సగం విప్పిన కవచాలతో, తడి సాక్సులతో, గోడకు తగిలించిన చిన్న టీవీకేసి చూస్తూ కూర్చున్నారు. ఒకడు మోకాలు ఆడిస్తున్నాడు. ఒకడు చేతికి చుట్టుకున్న టేపు ఊడదీసి, ఉండచేసి, మళ్ళీ సాగదీస్తున్నాడు. నెస్టర్‌కి కూర్చోబుద్ధి కాలేదు. తువ్వాళ్ళు మడిచాడు. మడిచినవి పక్కగదిలోకి మోసి, అక్కడ చోటు లేదని మళ్ళీ తెచ్చాడు. నీళ్ళసీసాలు కడిగాడు. బకెట్లో పక్‌లు లెక్కపెట్టి, సగంలో తప్పి, వదిలేశాడు.

"నెస్, తిరగొద్దయ్యా, టీవీకి అడ్డమొస్తున్నావు," అన్నాడు గోలీ.

"కూర్చుంటే నా కాళ్ళు ఊరుకోవు."

రెడ్‌స్టోన్ రెండు–ఒకటితో వెనకబడి ఉంది. ఐదు నిమిషాలు. మూడు. గట్టెక్కామన్న మాట గదిలో ఎవరూ అనలేదు, ముందే అనకూడదు. సానగదిలో బల్లకింద నల్లసంచుల చుట్ట ఒకటి ఉంటుంది. ఏడాది ముగిసిందంటే ఆటగాళ్ళు తమ సామానంతా ఆ చెత్తసంచుల్లో వేసుకుని వెళ్తారు. జట్టు బతికుండగా ఆ చుట్ట గదిలోకి వస్తే అపశకునం. నెస్టర్ దానిమీద గోనెపట్టా కప్పి ఉంచుతాడు.

నలభై సెకన్లు మిగిలాయి. రెడ్‌స్టోన్ తమ గోలీని బయటికి పిలిచి, ఆరో మనిషిని ఆటలోకి దింపింది. గోలుముందు కాళ్ళ అడవి. పక్ ఎవరి మోకాలికో తగిలి, దిక్కుమారి, ప్రాణం లేనట్టు నెమ్మదిగా గోలుగీత దాటింది. రెండు–రెండు.

టీవీలో కేకలు. గదిలో నీళ్ళగొట్టం కారుతున్న చప్పుడు.

ఆ తర్వాత అదనపు ఆటలో రెడ్‌స్టోన్ ఓడింది కూడా. అయినా వాళ్ళకూ ఎనభై మూడు అయింది, చాలింది. బుధవారం ఆ ఒక్క పాయింటు వచ్చి ఉంటే ఇక్కడ ఎనభై నాలుగు. ఈ లెక్క అందరి తలల్లోనూ ఒకేసారి తేలినట్టుంది. చూపులు గోడవార ఫెన్‌రిక్ ఖాళీ చోటుకేసి వెళ్ళి, తప్పుచేసినట్టు వెనక్కి వచ్చాయి.

రోబిషో లేచాడు. ముఖం తుడుచుకున్నాడు. "నెస్, సంచులు పట్రా," అన్నాడు.

అతను పట్టుకొచ్చాడు. ఒక్కొక్కటే చించి ఇచ్చాడు. చించేటప్పుడు చెయ్యి వణికింది. అందరి చేతులూ వణుకుతున్నట్టే ఉన్నాయి, ఎవరూ గమనించలేదు.

ఏడింటికి గది ఖాళీ అయింది. బయట ఇంకా వెలుతురుంది, ఏప్రిల్ వెలుతురు. వాకిట్లో మసిపట్టిన మంచుకుప్పలు కరిగి కాలువ కడుతున్నాయి. నెస్టర్ సానగదిలో చక్రం ముందు కూర్చున్నాడు, దాన్ని తిప్పకుండా. బేరం తేలిపోయింది. లేవాలి. లేవలేకపోతున్నాడు.

ఫెన్‌రిక్ మోచేత్తో తలుపు తోసుకుని వచ్చాడు. భుజం మీద నల్లసంచి, రెండు చేతుల్లో మూతలు పెట్టిన కాగితపు గ్లాసులు. "పైన కొట్టు మూసేస్తున్నారు. కాఫీ పారబోస్తుంటే పట్టుకొచ్చా." ఒక గ్లాసు బల్లమీద నెస్టర్ ముందు పెట్టి, రెండోది తను తాగుతూ తలుపుకు ఆనుకున్నాడు. "రాత్రికే బయల్దేరతా. రెండ్రోజుల దారి."

"డార్సీ. బుధవారం..." నెస్టర్ చూపు నేలమీద ఉంది. "నువ్వు పడలేదు. నేను పడేశాను. నీ ఎడమది వంకరగా పట్టాను. ఆ రాత్రి నాణెం పెట్టి చూశా. ఒరిగింది. సరిచేసి ఊరుకున్నా. నాలుగు రోజులు ఊరుకున్నా."

కుర్రాడు గుటక వేశాడు. "తెలుసు," అన్నాడు.

నెస్టర్ తల ఎత్తాడు.

"ముందు కాసేపు కాళ్ళు వేడెక్కిస్తాంగా, అప్పుడే తెలిసింది. ఎడమది పట్టట్లేదు."

"తెలిస్తే రావొద్దూ! రెండు నిమిషాల పని. ఎందుకు రాలేదురా?"

"వచ్చా." ఫెన్‌రిక్ గ్లాసు మూతను వేలితో నొక్కుతున్నాడు. "తలుపు దాకా వచ్చా. నువ్వు గోడవైపు తిరిగి ఉన్నావు." మూత వదిలేసి, "నెట్టుకొచ్చేద్దామనుకున్నా. రెండు భాగాలు నెట్టుకొచ్చా కూడా," అన్నాడు.

పైన ఎక్కడో మంచు చదును చేసే బండి ఆఖరిసారి తిరుగుతోంది.

"కోచ్ ఇంకా పైనే ఉన్నాడు. వెళ్ళి చెప్తా," అన్నాడు నెస్టర్.

"చెప్పి? నన్నేమన్నా ఉంచుకుంటారా? నిన్ను కూడా పంపేస్తారు. ఒకడు పోతే చాల్లే."

"నీకు ఇంకో జట్టు దొరకాలంటే ఆ మాట కోచ్ నోటినుంచి రావాలి. 'వాడు పడలేదు, స్కేటు పడేసింది' అని. నాకు తెలుసు వీళ్ళ ఫోన్లు ఎలా నడుస్తాయో."

"మొండి ముసలాడివి."

"ఫో. చీకటి పడితే దారిలో దుప్పులు అడ్డమొస్తాయి."

ఫెన్‌రిక్ సంచి సర్దుకున్నాడు. చెయ్యి చాపబోయి, ఆగి, నెస్టర్ భుజం మీద ఒక్కసారి చరిచి వెళ్ళిపోయాడు. వసారాలో సంచి గోడకు రాసుకుంటున్న చప్పుడు కొంతదూరం వినిపించింది.

నెస్టర్ తోలు ఏప్రను విప్పి మేకుకు తగిలించాడు. దాని కింద అతని చొక్కా వింతగా శుభ్రంగా ఉంది. మెట్లెక్కేముందు ఒక గుక్క తాగుదామని గ్లాసు అందుకున్నాడు. బరువు ఉంటుందనుకుని బిగించిన చెయ్యి తేలిగ్గా పైకి లేచింది. మూత తీశాడు. గ్లాసు అంచున తడి లేదు, కాగితం కొత్తగా ఉంది, ఎవరూ తాగలేదు. గ్లాసు చేతిలో ఇటూ అటూ ఊగింది. కాఫీ గోడలకు తగిలి, అంచుదాకా రాకుండా, మళ్ళీ అడుక్కి వెళ్ళిపోయింది. ఒక్క చుక్క ఒలకలేదు.

అతను దాన్ని జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు. గది తాళంచెవి చొక్కాజేబులో వేసుకుని, పైన దీపం వెలుగుతున్న గదికేసి మెట్లెక్కాడు. తలుపు వేయడం మరిచిపోయాడు.

చక్రం పక్కన, ఉక్కుపొడి మధ్య, గ్లాసులోంచి ఇంకా సన్నగా ఆవిరి లేస్తోంది. కావాలని సగమే పోయించుకొచ్చిన కాఫీ.