కొత్త పెట్టని నూనె

మా ఆయన పోయాక నాకు తోడుగా మిగిలింది ఆయన అక్క రాజులమ్మ. మా వదినకు చక్కెర జబ్బు. కాలి బొటనవేలికి రాయి తగిలి లేచిన పుండు వానలు పడే నాటికీ మానలేదు. ముదిరితే వేలు తీసేయాలని పాడేరు ఆసుపత్రిలో చెప్పి, బిళ్లలు ఇచ్చారు.

ఆ ఏడు జి.మాడుగుల దగ్గర మా ఊరి పక్కనే నిమ్మగడ్డి నూనె బట్టీ పెట్టారు. గడ్డిని పెద్ద డ్రమ్ములో ఉడికించి, ఆవిరిని చల్లార్చి నూనె తీసేవారు. మేమిద్దరం గడ్డి కోసేవాళ్లం. విశాఖపట్నం కాలేజీలో మందుల మీద పరిశోధన చేసే ఎలీయేజరు గారు వచ్చి నూనె పట్టుకెళ్లేవారు. చక్కెర జబ్బు ఉన్న ఎలుకలకు అది పట్టిస్తే, కొన్నింటికి చక్కెర తగ్గిందని ఒకరోజు మాటల్లో అన్నారు.

ఆ పూటే మా వదిన బిళ్లలు మానేసింది. ఆయన మళ్లీ వచ్చినప్పుడు చెయ్యి చాపింది.

“బాబూ, నాకో సీసా ఇయ్యి. తాగుతాను.”

“వద్దు పెద్దమ్మా. మనుషులకు ఎంత పడుతుందో ఇంకా తెలీదు. కొన్ని ఎలుకలు చచ్చిపోయాయి కూడా.”

“బతికినవున్నాయి గదా! నానేటి, ఎలక కన్నా తక్కువా?”

బట్టీ దగ్గర అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు గానీ సీసా ఇవ్వలేదు.

మా వదిన అలిగింది. అయినా బిళ్లలు ముట్టలేదు. వేలి చుట్టూ నలుపు తిరగసాగింది. ఒక సాయంత్రం కుంటుకుంటూ నా వెనకే వస్తోంది. దారి పక్కన మా సామ చేను పండి వంగి ఉంది.

“వదినా, ఈ సామలు కోసి వండేత్తాను.”

“మతి పోయిందేటే! కొత్త పెట్టకుండా ముడతావా? అమ్మోరికి పెట్టి, పూజారి తిన్నాకే మనం.”

“అందాకా ఏటి తింతాం?”

“పాత సోళ్లు లేవా, అంబలి కాసుకోడానికి?”

“ఆ నూనెకీ కొత్త పెట్టలేదు వదినా. ముందు ఎలకలు తినాల, ఆపైన డాట్టర్లు సూడాల. అందాకా పాత బిళ్లలే.”

ఆమె దారి పక్క రాయి మీద కూలబడి నల్లబడ్డ వేలు చూసుకుంది.

“ఎలకని పూజారిని సేసీసినావు, సిగ్గులేని గుంటా,” అంది చివరికి. ఇంటికెళ్లగానే మంచినీళ్లు అడిగి బిళ్ల వేసుకుంది.

సామ కొత్త పండుగ నాటికి పుండు ఎండింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అమ్మవారి దగ్గరికి నడిచి వెళ్లింది.

ఆ తరువాత ఎలీయేజరు గారు వస్తే గడ్డిమోపు దించి అడిగింది.

“మీ పూజార్లు బాగున్నారా బాబూ?”

ఆయన తెల్లబోయి నా వైపు చూశారు.

“ఎలకలు బాబూ,” అన్నాను.

“బాగున్నాయి. ఈసారి తక్కువ నూనె ఇస్తున్నాం. ఒక్కటీ చావలేదు.”

“అయితే బేగి కానియ్యండి,” అని మా వదిన కొడవలి తీసుకుని మళ్లీ గడ్డిలోకి దిగింది.