మెలకువలోనే ఉంది

ఉదయం ఏడుంబావుకి కోడలు వంటింట్లో నవ్వింది. నవ్వి పడిపోయింది.

బడికి బయల్దేరుతున్న కూతురు తన టీచరు ఎలా నడుస్తుందో నడిచి చూపించింది. అంతే. మోకాళ్ళు వదిలేశాయి. గట్టు పట్టుకోబోయి, పట్టు దొరక్క కిందికి జారింది. పిల్ల నానమ్మ కోసం పరిగెత్తింది.

మామూలుగా ఆమె నవ్వదు. నవ్వొచ్చేలా ఉంటే మనసులో పదిహేడో ఎక్కం చదువుకుంటుంది. బట్టల ఫ్యాక్టరీలో తోటివాళ్ళు జోకులేస్తే ముఖం మిషన్‌కేసి తిప్పుకుంటుంది. ఆమె కునికిపాట్లు చూసి సూపర్‌వైజరు నిద్రగన్నేరు అని పేరు పెట్టాడు. ఇంట్లో పేరు మహారాణి. అందరూ పడుకున్నాక పడుకుని, అందరికన్నా ముందు లేచే మహారాణి.

మనిషిని మెలకువగా ఉంచే రసాయనం ఒకటి మెదడులో ఊరుతుందనీ, ఆమెకది దాదాపు ఊరడం లేదనీ పోయిన ఏడాది డాక్టరు చెప్పాడు. అందుకే పట్టపగలు నిద్ర ముంచుకొస్తుంది. నవ్వితే ఒళ్ళు పట్టు తప్పుతుంది. ఆ కాసేపూ తెలివి మాత్రం ఉంటుంది. మాత్రలు రాశాడు. అవి వాడినన్నాళ్ళూ ఆమె ఫ్యాక్టరీ బస్సులో కిటికీలోంచి వీధులు చూసింది. ఆ తర్వాత ఒకసారి భర్త ఒక్కడే డాక్టరు గదిలోకి వెళ్ళొచ్చి, "అలవాటైపోతాయట. ఆపేయమన్నాడు," అన్నాడు.

ఇప్పుడు రెప్పలు వాలి, చెంప నేలకు ఆని, ఆమె అన్నీ వింటోంది.

"మళ్ళీ పడుకుందిరా మీ ఆవిడ! పొయ్యి మీద పాలు పెట్టి మరీ," అంది అత్తగారు.

"తనే లేస్తుందిలే. నా బాక్సేదీ?"

"ఆ మాత్రలున్నప్పుడే నయం. డాక్టరు ఎందుకు మానెయ్యమన్నాడో ఏమో."

భర్త ఆమె కాళ్ళు దాటి గట్టు దగ్గరికొచ్చాడు.

"ఆయనెక్కడ మానెయ్యమన్నాడమ్మా? జీవితాంతం వాడాలన్నాడు. నేనే ఆపించా. పెళ్ళాం మెదడుకి మందులు మింగుతోందని నలుగురికీ తెలియాలా? అయినా మానేస్తే ఏమైంది? ఇంట్లో ఒక్క పనైనా ఆగిందా?"

"అదీ నిజమేలే," అంది అత్తగారు.

వేళ్ళలోకి పట్టు వచ్చింది. తర్వాత మోకాళ్ళలోకి. ఆమె లేవలేదు. పాలు పొంగితే అత్తగారు స్టవ్ కట్టేసింది. బాక్సు మూత దొరక్క భర్త విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

పిల్ల వచ్చి చెంప తట్టింది. ఆమె లేచి కూర్చుంది.

"నా వల్లేనా అమ్మా?"

"నీ వల్ల కాదమ్మా," అంది.

పదింటికి ఆమె ఫ్యాక్టరీలో లేదు. డాక్టరు గది బయట బెంచీ మీద ఉంది.

"మీవారు రాలేదా?" అనడిగింది నర్సు. "పోయినసారి ఆయనే మాట్లాడారుగా."

"నన్నిక్కడే కూర్చోబెట్టి మాట్లాడారు."

నర్సు తలుపు తీసింది. ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళింది.