తిప్పి చూడని రోజు

గోలీకాయ కంటే కాస్త పెద్ద గాజుబిళ్లను నేను. కొండ మీది సూర్య పరిశీలన కేంద్రంలో, దూరదర్శిని కొసన ఉన్న ఇత్తడి గొట్టంలో ఉండేదాన్ని. నా గుండా వచ్చిన సూర్యుడు తెల్లకాగితం మీద పళ్లెమంత పడేవాడు. ఆ పళ్లెంలో నల్లమచ్చలు ఎక్కడున్నాయో పెన్సిలుతో గుర్తుపెట్టడమే అక్కడివాళ్ల పని.

నన్ను సానపట్టినవాళ్లు మచ్చ లేకుండానే పంపారు. కేంద్రం పెద్ద పెంచలయ్య గారు ఒకసారి కండువా చెంగుతో తుడిచారు. అందులో ఇసుక రేణువు ఉంది. అప్పటినుంచి నా మీది గంటు కూడా కాగితం మీద నల్లచుక్కై పడేది. తమ చేతి లోపాన్ని సూర్యుడికి అంటగట్టకూడదని వాళ్లే ఒక పద్ధతి పెట్టుకున్నారు. రోజూ నన్ను గొట్టంలో ఒకసారి తిప్పాలి. నా చుక్క నాతోపాటు తిరుగుతుంది, సూర్యుడి మచ్చ కదలదు.

మచ్చల దగ్గర మంటలు లేస్తే రాకెట్లలోని కంప్యూటర్లు చెడవచ్చని, ఎగరేసే ముందు ప్రయోగకేంద్రం వాళ్లు మా కేంద్రాన్నే అడిగేవారు. ఒక రాకెట్టు ఎగిరే రోజు ఉదయం అక్కడినుంచి ఫోను మోగుతూనే ఉంది. బొమ్మ గీసే దమయంతి నన్ను తిప్పలేదు. నాలుగేళ్లుగా చూస్తున్న చుక్క కదా, గాజు మీది గంటే అనుకుంది. ఆ చుక్క చాటునే సూర్యుడి కొత్త మచ్చ ఉంది. నా గుండానే వచ్చింది కాబట్టి నాకు తెలుసు. గాజుకు నోరేది? సూర్యుడు ప్రశాంతంగా ఉన్నాడని కబురు వెళ్లింది.

మధ్యాహ్నం ఆ మచ్చ దగ్గర పెద్ద మంట లేచింది. కాసేపటికి, అప్పుడే పైకెగిరిన రాకెట్టులోని కంప్యూటరు మూగబోయి, రాకెట్టు సముద్రంలో పడింది. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి, మర్నాడు మచ్చ నా చుక్క పక్కకు జరిగి కనిపించింది. దమయంతి నిన్నటి కాగితం తీసి పక్కన పెట్టి చూసుకుంది.

విచారణ సంఘం కంప్యూటరు తయారుచేసిన ఇద్దరిదే అజాగ్రత్త అని దాదాపు తేల్చేసింది. వాళ్ల ఉద్యోగాలు పోతాయని తెలిసి దమయంతి సంఘం ముందుకు వెళ్తానంది. పెంచలయ్య గారు ఆపబోయారు.

"గాజుదే తప్పని రాసేద్దాం లేమ్మా. దానికేమన్నా ఉద్యోగముందా, ఊడేదానికి?"

"గాజు ఏం జేసింది సార్? తిప్పాల్సింది నేను. తిప్పలా."

సంఘం పెద్ద ఆమె మాట విని నవ్వాడట. "రాకెట్టు పడితే సూర్యుడు, పెళ్లి తప్పితే శని. బాగుందమ్మా."

"సూర్యుడే పడేశాడని నేననడంలా సార్. కాదని మీరు గూడా చెప్పలేరు. మరి వాళ్లదే తప్పని ఎట్ట రాస్తారు?"

చివరికి కారణం తెలియదని రాశారు. ఆ ఇద్దరి ఉద్యోగాలు నిలిచాయి. దమయంతిని మాత్రం పాత కాగితాల గదికి మార్చారు. నా చోటికి కొత్త గాజు వచ్చింది. వెళ్లేముందు ఆమే నన్ను దూదిలో చుట్టి, చిన్న డబ్బాలో పెట్టి, బీరువాలో దాచింది.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తప్పంతా తనే మోసుకుపోయింది. కానీ ఆ రోజు సూర్యుడి మచ్చను కప్పేసిన నలుపు నాది.